అద్భుతకథలకు ఒక ఏటి నియమం

సంవత్సరారంభాన కొందరు పుస్తకప్రియులు ఒకచోట కూడి, ఈ యేడు నెలకొక అంశం చొప్పున పుస్తకాలు చదువుదామని తమలో తాము ఒడంబడిక చేసుకొని, ఒక మాసానికి సముద్రయానమనీ, ఒక మాసానికి మాట్లాడే పక్షి అనీ, ఇంకొక మాసానికి శాపవిమోచనమనీ అంశాలు ఏర్పరచుకొని, ఆయా అంశానికి తగిన గ్రంథాన్ని ఎవరికి వారు వెదకి తెచ్చుకొని చదివి, మాసాంతాన కలిసికొని చదివినదానిని గురించి ముచ్చటించుకొనే ఆచారమొకటి ఇటీవలి కాలంలో దేశదేశాల వ్యాపించినది. మన యువతీయువకులు దీనిని రీడింగ్ ఛాలెంజి అని వ్యవహరిస్తున్నారు. నేను ఈ ప్రసంగంలో పఠననియమమని పిలుస్తాను. అన్నిరకాల పాఠకులూ ఇటువంటి నియమాలు పడుతూనే ఉన్నా, ఫాంటసీ అనబడే అద్భుతసాహిత్యాన్ని ప్రేమించేవారికి ఇందులో ఉన్న మక్కువ ప్రత్యేకమైనది. ఇంగ్లండులో టోల్కీన్ సంఘంవారు 2003వ సంవత్సరం నుండి ఏటేటా మార్చి 25వ తేదీని టోల్కీన్ పఠనదినంగా పాటిస్తూ, ఏ యేటికా యేడు ఒక్కొక్క అంశాన్ని ప్రకటిస్తున్నారు. ఆ తేదీ ఆయన రచించిన మహాకథలో అంధకారప్రభువైన సారోన్ పతనమైన దినం. కథలోని పంచాంగాన్ని తమ ఇంటి పంచాంగంలో చేర్చుకొన్న ఆ పాఠకుల ప్రేమ నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది.

నేనూ అద్భుతకథాప్రియుణ్ణే. కూచిపూడిలో నావంటి అభిరుచి గల కొందరు మిత్రులతోనూ, ఇక్కడ నాట్యం నేర్చుకొనడానికి వచ్చిన కొందరు విద్యార్థినీవిద్యార్థులతోనూ కలిసి ఇటువంటి నియమాన్ని పట్టి చదువుతూ ఉన్నాను. ఆ అనుభవంలో నాకు స్పష్టపడిన విషయాన్ని మీకు విన్నవించడమే ఈనాటి నా ప్రయత్నం. నియమమనగా బంధమనీ, అద్భుతమనగా స్వేచ్ఛాసంచారమనీ, ఈ రెండింటికీ పొత్తు కుదరదనీ తలచేవారు చాలమంది కలరు. నాకు తోచినది దానికి సరిగా విరుద్ధం. అద్భుతకథ నియమంలోనే పుట్టినది, నియమంతోనే బ్రతుకుతున్నది. కనుక దానిని నియమం పట్టి చదివేవాడు దాని స్వభావాన్ని అనుసరించి చదువుతున్నాడు.

నియమితకాలంలో నియమితభాగాన్ని చదవడం మనకు కొత్తకాదు. కార్తికపురాణాన్ని దినానికొక అధ్యాయం చొప్పున ముప్పదిదినాలు చదివే గృహిణులు మన పల్లెలలో ఈనాటికీ ఉన్నారు. ధనుర్మాసంలో ఆండాళ్ తల్లి పాశురాలు ముప్పదింటినీ దినానికొకటిగా అనుసంధించని వైష్ణవాలయం లేదు. శృంగిశాపం తగిలిన పరీక్షిన్మహారాజుకు ఏడుదినాలు మాత్రమే ఆయువు మిగిలియుండగా శుకమహర్షి భాగవతాన్ని వినిపించినాడు గనుక, సప్తాహమనే పఠనపద్ధతి ఆ గడువునుండి ఏర్పడినది. అవి భక్తికి సంబంధించిన పారాయణలు. వాటి ఫలం వేరు, వాటి పవిత్రత వేరు. వినోదార్థమై చేసే చదువును వాటితో సమం చేయడం నా ఉద్దేశం కాదు. కాలానికీ గ్రంథానికీ ముడివేసి చదివే అలవాటు ఈ నేలపై ఎంత పాతదో గుర్తుచేయడం వరకే నా తాత్పర్యం.

ఇక అద్భుతసాహిత్యపు పుట్టుకను చూడండి. భారతదేశంలోని కల్పితకథలన్నింటికీ మూలఖని అనదగిన బృహత్కథ ఎట్లు పుట్టినదో, పదకొండవ శతాబ్దంలో కాశ్మీరదేశీయుడైన సోమదేవుడు తన కథాసరిత్సాగరంలో చెప్పినాడు. సాతవాహనరాజు జలక్రీడాసమయాన రాణి పలికిన సంస్కృతవాక్యాన్ని అపార్థం చేసుకొని, ఆమె నవ్వగా సిగ్గుపడి, సంస్కృతవ్యాకరణం నేర్చుకొనేదాకా మనశ్శాంతి లేనివాడైనాడు. వ్యాకరణానికి సాధారణంగా పన్నెండేండ్లు పడుతుందనీ, తాను ఆరేండ్లలో నేర్పగలననీ మంత్రియైన గుణాఢ్యుడు చెప్పినాడు. ఆరుమాసాలు చాలునని మరొక మంత్రియైన శర్వవర్మ అన్నాడు. అదే జరిగితే సంస్కృతాన్నీ ప్రాకృతాన్నీ దేశభాషనూ మూడింటినీ విడిచిపెడతానని గుణాఢ్యుడు ప్రతిజ్ఞ చేయగా, జరగకపోతే పన్నెండేండ్లు నీ పాదుకలను శిరస్సుపై మోస్తానని శర్వవర్మ బదులు పలికినాడు. శర్వవర్మ ఆరుమాసాలలో రాజును వ్యాకరణవేత్తను చేసినాడు. మూడు భాషలనూ కోల్పోయి మౌనియైన గుణాఢ్యుడు వింధ్యారణ్యానికి వెళ్ళి, అక్కడ పైశాచీభాషను నేర్చుకొని, విద్యాధరుల కథను ఏడేండ్లపాటు తన రక్తంతో ఏడులక్షల శ్లోకాలుగా వ్రాసినాడు.

తరువాతి వృత్తాంతం మీలో పలువురికి తెలిసియుండును. పిశాచభాషలో నెత్తుటితో వ్రాసిన గ్రంథమని రాజు దానిని నిరాకరించగా, గుణాఢ్యుడు ఒక కొండపై అగ్నిగుండం చేసి, ఒక్కొక్క పత్రమే చదివి మంటలో వేయసాగినాడు. మృగాలూ పక్షులూ మేత మరచి, చుట్టూ చేరి కన్నీరు కారుస్తూ విన్నవి. రాజుగారి వంటశాలకు వచ్చే మాంసం సారహీనమైనది. కారణం వెదుకుతూ రాజు అక్కడకు వచ్చేసరికి ఆరులక్షల శ్లోకాలు దగ్ధమై, నరవాహనదత్తుని కథ గల ఒక్క లక్ష మాత్రం మిగిలినది. ఇది చరిత్ర అని నేననను. కాని అద్భుతకథను గురించి అద్భుతకథే చెప్పుకొన్న జన్మవృత్తాంతమిది. ఇందులో గడువు ఉన్నది, పందెమున్నది, ఓడినవాడు మాటకు కట్టుబడి మూడుభాషలు విడుచుట ఉన్నది. గుణాఢ్యుడు ఆ పందెంలో ఓడి ఉండకపోతే మనకు బృహత్కథ లేదు. కూచిపూడికి ఎంతో దూరంలో లేని ఘంటసాల గ్రామంలో సాతవాహనుల కాలంనాటి బౌద్ధస్తూపావశేషాలు ఈనాటికీ కనిపిస్తాయి. ఆ ప్రభువుల పేరు మోసిన కథ గనుక దీనిని మా ప్రాంతపు సొత్తుగా భావించుకొనడంలో మాకొక ఆనందం ఉన్నది.

బృహత్కథ సంతానమంతా ఇట్టిదే. భేతాళకథలలో రాజు మౌనంగా శవాన్ని మోయవలెను. తెలిసికూడా సమాధానం చెప్పకపోతే శిరస్సు వ్రక్కలగును. చెప్పితే మౌనం భంగమై భేతాళుడు మరల చెట్టెక్కును. పరస్పరవిరుద్ధమైన రెండు నియమాల నడుమ రాజును నిలిపి, ఆ ఇరుకులోనుండి ఇరువదియైదు కథలు పుట్టించిన ఆ మహానుభావుడెవరో గాని, కథాశిల్పమంతా ఆయనకు కరతలామలకం. పదిహేనవ శతాబ్దంలో కొఱవి గోపరాజు తెనిగించిన సింహాసనద్వాత్రింశికలో ముప్పదిరెండు బొమ్మలు ముప్పదిరెండు మెట్లుగా భోజరాజుకు అడ్డు నిలిచినవి. శుకసప్తతిలో చిలుక డెబ్బది రాత్రులు, హంసవింశతిలో హంస ఇరువది రాత్రులు కథలతో ఇల్లాలిని గడపను దాటనీయక నిలుపుతవి. ప్రతిచోటా ఒక లెక్క, ఒక షరతు.

అన్నింటికంటె నా మనస్సుకు హత్తుకొన్నది మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీకథలలోని ఒప్పందం. కాశీయాత్రకు బయలుదేరిన మణిసిద్ధునికి తోడుగా రావడానికి ఒక గోపకుమారుడు ఒప్పుకొన్నాడు. కాని ఊరకే కాదు. ప్రతి మజిలీలోనూ తాను ఊరిలోకి వెళ్ళి ఏ వింతను చూచివచ్చునో ఆ వింతకు సంబంధించిన కథను గురువు చెప్పవలెను. చెప్పకపోతే ఆ పిల్లవాడు అడుగు ముందుకు వేయడు. ఒక సిద్ధుడిచ్చిన మణి ప్రభావంవల్ల మణిసిద్ధుడు ఎంతటి వింతకైనా కథ చెప్పగలిగినాడు. పండ్రెండు భాగాల మహాగ్రంథం ఆ విధంగా నడిచినది. శ్రోతలు గమనించవలెను: ఇక్కడ ముందుగా వచ్చినది కథ కాదు, అంశం. గోపకుమారుడు అంశాన్ని తెచ్చినాడు, గురువు కథను వెదకినాడు. మేము నెలకొక అంశం పెట్టుకొని, దానికి తగిన పుస్తకంకోసం బీరువాలూ అంగళ్ళూ గాలిస్తున్నప్పుడు ఆ గోపకుమారుని పనినీ, మణిసిద్ధుని పనినీ కూడ మేమే చేస్తున్నాము.

పఠననియమాలలో రెండుజాతులున్నవి. ఏడాదికి ఏబది పుస్తకాలు, నూరు పుస్తకాలు అని కేవలం సంఖ్యను పట్టుకొని పోయేది ఒక జాతి; అంశాన్ని పట్టుకొని వెదకేది రెండవజాతి. మొదటిదానియందు నాకు గౌరవం లేదు. సంఖ్యకు కట్టుబడిన పాఠకుడు పలుచని పుస్తకాలను ఏరుకొనును, వర్ణనలను దాటవేయును, డిసెంబరు మాసంలో పుటలు తిప్పుటే పనిగా పెట్టుకొనును. అద్భుతకథకు ఇంతటి అపచారం మరొకటి లేదు. ఏలననగా అద్భుతంలో విశ్వాసం కలగడానికి సమయం కావలెను. ఒక లోకం కంటిముందు నిలిచేదాకా పాఠకుడు ఓపికతో ఆగవలెను. అంశనియమం అట్లు కాదు. అది పాఠకుణ్ణి తొందరపెట్టదు, ప్రక్కదారి పట్టిస్తుంది. ఒకే రచయితను, ఒకే మాదిరి మాంత్రికులను, ఒకే మాదిరి యుద్ధాలను చదివి తృప్తిపడే అలవాటు అద్భుతకథాప్రియులలో మెండు. నేను ఎరిగిన ఒక యువకుడు ఇంగ్లీషులో డ్రాగన్లున్న నవలలను తప్ప వేరొక పుస్తకాన్ని ముట్టేవాడు కాడు. అతనిచేత పదహారవ శతాబ్దపు తెలుగు ప్రబంధాన్ని పట్టించినది పండితుల ఉపదేశం కాదు; ప్రయాణసాధనాలనే అంశం.

ఆ నెల ముచ్చట కొంత విస్తరించి చెప్పవలెను. మనుష్యుడు సామాన్యంగా పోలేని చోటికి పోవడానికి కథలో వాడిన సాధనం ఏది అన్నది అంశం. మొదటిరోజుననే అందరికీ తట్టినది అల్లసాని పెద్దన మనుచరిత్రలోని పాదలేపం. అరుణాస్పదపురంలోని ప్రవరుడు తీర్థాలన్నీ చూడవలెనని ఆశపడినా, ఇల్లు విడిచి అగ్నిహోత్రం మాని పోలేని గృహస్థు. సిద్ధుడొకడు ఇచ్చిన పసరు పాదాలకు పూసుకొని ఆయన క్షణంలో హిమవత్పర్వతం చేరినాడు. మధ్యాహ్నానికి మంచు కరగినది. కరగిన నీటిలో పసరు కొట్టుకొనిపోయినది. ఇంటికి మరలే దారి పోయినది. ఇంతవరకు పాఠశాలలో చదువుకొన్నవారందరికీ తెలుసు. అయితే ప్రయాణసాధనాలనే అంశం చేతబట్టుకొని చదివినప్పుడు నాకు మొదటిసారిగా ఆ పసరులోని శిల్పం కనబడినది. పెద్దన ఆ ఔషధానికి ఒక హద్దు పెట్టినాడు. ఆ హద్దు ఏ చోటికి పోయినప్పుడు బయటపడునో సరిగా ఆ చోటికే ప్రవరుణ్ణి పంపినాడు. ఏ ఎండదేశపు తీర్థానికో పోయివుంటే సాయంసంధ్యకు ఇంటికి చేరియుండేవాడు. వరూధిని లేదు, మాయాప్రవరుడు లేడు, స్వారోచిషుడు లేడు, మనుచరిత్రయే లేదు. ఒక మనువు జన్మవృత్తాంతమంతా నీటికి ఆగని లేపనంమీద నిలిచియున్నది!

ఆ తీగను పట్టుకొని పింగళి సూరన కళాపూర్ణోదయంలోకి పోయినాము. ద్వారకలో ఉయ్యాల ఊగుతున్న కలభాషిణి తలపై ఆకాశాన నలకూబరుని విమానం పోతున్నది. అందులో రంభ ఉన్నది. వారి సంభాషణ క్రిందికి వినవచ్చుటతో కథ మొదలగును. మణిస్తంభుడనే సిద్ధుడు సింహవాహనంపై వచ్చును. ఒక శిశువు వక్షాన ఒక మణి తగిలినప్పుడు పూర్వజన్మస్మృతి కలిగి ఆ పసికందు పెద్దలకు తన గతం చెప్పును. ప్రయాణమంటే దేశంలోనే కానక్కరలేదనీ, కాలంలోకూడ కావచ్చుననీ, అట్టి ప్రయాణానికి ఆ మణియే వాహనమనీ మాలో ఒకరు వాదించినారు. అంతకుముందు ఈ కావ్యాన్ని చిక్కుల కథ అని విడిచిపెట్టినవారు కూడ, వాహనాలను లెక్కపెడుతూ పోయినందువల్ల, చిక్కులన్నీ ఎంత గట్టి ముడులతో కట్టినవో తెలిసికొన్నారు. బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో చెప్పిన కథ ముందుముందు లోకంలో నిజంగా జరగవలసి వచ్చునన్న ఊహ ఇంగ్లీషు నవలలు మాత్రమే చదివిన మా యువకుణ్ణి రెండుదినాలు నిద్రపోనీయలేదని అతడే చెప్పినాడు. ఆ సంగతి విన్నప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని దాచుకొనలేను.

అదే నెలలో మాకు తగవు కూడ వచ్చినది. భాగవతంలోని ఉషాపరిణయకథ కూచిపూడి భాగవతులు తరతరాలుగా ఆడుతున్న యక్షగానం; ఈ గ్రామంలో దానిని ఎరుగని బిడ్డ లేదు. శోణపురంలో బాణాసురుని కూతురు ఉష కలలో ఒక రాకుమారుణ్ణి చూచినది. అతడెవరో ఆమెకు తెలియదు. చెలికత్తె చిత్రలేఖ దేవగంధర్వమనుష్యుల రూపాలన్నీ పటంమీద వ్రాసి చూపగా, ప్రద్యుమ్నుని బొమ్మ దగ్గర సిగ్గుపడి, అనిరుద్ధుని బొమ్మ దగ్గర ఉష తలవంచుకొన్నది. చిత్రలేఖ యోగబలంతో ఆకాశమార్గాన ద్వారకకు పోయి నిద్రిస్తున్న అనిరుద్ధుణ్ణి తెచ్చినది. ఇందులో ప్రయాణసాధనం యోగబలమని నేనన్నాను. నాట్యం నేర్చుకొంటున్న ఒక అమ్మాయి ఒప్పుకొనలేదు. "మాస్టారండీ, యోగబలం ఎంతున్నా ఎక్కడికి ఎగరాలో తెలియాలి కదండీ. బొమ్మ లేకపోతే ఆవిడ ఆకాశంలో తిరుగుతూనే ఉండేదండీ. సాధనం బొమ్మేనండీ!" అన్నది. ఆ అమ్మాయి చిత్రలేఖ పాత్రకు అభినయం పట్టినది. కుంచె పట్టిన హస్తాన్ని ఎన్నిమారులు సాధనచేసినదో ఆమెకే తెలియును. ఆమె చెప్పినదే సరియైనదని నేను ఇప్పుడు నమ్ముతున్నాను. చిత్రలేఖ శక్తికికూడ ఒక హద్దు ఉన్నది: ముల్లోకాలలోని రూపాలు వ్రాయగలదు గాని, కలలో వచ్చినవాడెవడో ఉష గుర్తుపట్టవలసినదే. ఒకరి శక్తి మరొకరి గుర్తింపు లేక కదలదు.

ఈ విధంగా ఒక్కొక్క అంశాన్నీ వెంబడించి పోయినకొద్దీ, పసరుకు నీరు, మణికి స్పర్శ, భేతాళునికి మౌనం, చిత్రలేఖకు ఉష కనుసన్న, ఇట్లు మహిమ ఉన్నచోటనెల్ల దాని మేర కూడ కనిపించసాగినది. ఏ మేరా లేని మహిమ గల కథలను కూడ చదివినాము. అవి మాకు గుర్తులేవు.

ఒకనెల అంశాన్ని ఊరి పరిధికే పరిమితం చేసుకొన్నాము: కృష్ణాడెల్టాలో జరిగినవో, ఇక్కడివారు వ్రాసినవో అయిన అద్భుతకథలు. మొదట ఇది ఇరుకైన అంశమనుకొన్నాము గాని, నెలదినాలు చాలలేదు. మాకు సమీపంలోనే కృష్ణాతీరాన శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు ఆలయమున్నది. కళింగదండయాత్రకు పోతూ అక్కడ ఉపవసించిన శ్రీకృష్ణదేవరాయలకు స్వామి కలలో కనిపించి ఆజ్ఞ ఇచ్చినందున ఆముక్తమాల్యద వెలసినదని ఆ కావ్యమే చెబుతున్నది. అందులోని మాలదాసరి కథను మించిన భూతకథ తెలుగులో ఉన్నదని నేననుకొనను. స్వామిని కీర్తించడానికి వేకువనే పోతున్న దాసరిని కుంభజానువనే బ్రహ్మరాక్షసుడు పట్టుకొన్నాడు. గుడికి పోయి పాడి తిరిగివచ్చి నీకు ఆహారమవుతానని దాసరి శపథం చేసినాడు. పోయినాడు, పాడినాడు, తిరిగివచ్చినాడు. మాట నిలుపుకొన్న ఆ దాసరి తన పాట ఫలాన్ని ధారపోయగా రాక్షసునికి విముక్తి లభించినది.

ఈ జిల్లాలోని నందమూరులో 1895లో జన్మించి, 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారాన్ని తెలుగుకు మొదటిసారిగా తెచ్చిన విశ్వనాథ సత్యనారాయణగారిని వేయిపడగల కర్తగా, రామాయణకల్పవృక్షకారుడుగా అందరూ స్మరిస్తారు. అద్భుతకథాకారుడుగా స్మరించేవారు తక్కువ. ఇది నాకు తీరని వెలితిగా తోచును. గుఱ్ఱపుమోము గల ఒక గంధర్వుడు రెక్కకు దెబ్బతగిలి లండన్ నగరపు ట్రఫాల్గర్ స్క్వేరులో పడిపోగా, అతనిని పరీక్షింపవచ్చిన శాస్త్రజ్ఞులకూ అతనికీ నడుమ జరిగిన వృత్తాంతమే హాహా హూహూ అనే ఆయన నవల. విష్ణుశర్మ ఇంగ్లీషు చదువులో పంచతంత్రకర్తయూ తిక్కన సోమయాజియూ ఈ కాలపు ఉపాధ్యాయుని వద్దకు ఇంగ్లీషు నేర్చుకొన వచ్చినారు. ఈ రెండు పుస్తకాలూ పలుచనివి, ఒక్కొక్క సాయంత్రానికి సరిపోయేవి. అద్భుతాన్ని నేటి నగరం నడిబొడ్డున నిలిపి చూడటం పాశ్చాత్యులవద్ద నేర్చుకొనవలసిన విద్య అని తలచేవారు వీటిని తప్పక చదవవలెను.

కృష్ణకు ఆవలి ఒడ్డున, పశ్చిమడెల్టాలో, తెనాలి ఉన్నది. చక్రపాణిగారు ఆ ప్రాంతంవారు. కొడవటిగంటి కుటుంబరావుగారు 1909లో తెనాలిలోనే జన్మించినారు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు ప్రారంభించిన చందమామను కుటుంబరావుగారు 1952నుండి 1980లో కన్నుమూసేదాకా తీర్చిదిద్దినారు. భేతాళకథలు ఇరువదియైదుతో ఆగక, అదే చట్రంలో కొత్తకొత్త కథలుగా దశాబ్దాలపాటు సాగినవి ఆ పత్రికలోనే. తోకచుక్క మొదలుకొని మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, భల్లూకమాంత్రికుడు మొదలైన ధారావాహికలను వ్రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారు తమ పేరైనా ప్రకటించుకొనకుండా లక్షలాది పిల్లలకు నిద్రలో కూడ అడవులూ కొండలూ చూపించినారు. చిత్రాగారు వాటికి వేసిన బొమ్మలను మరచినవారెవరు? దాసరివారి ధారావాహికలను వరుసగా ఒక ఋతువంతా చదవడం, నా అభిప్రాయంలో, తెలుగు అద్భుతకథాప్రియునికి తగిన మొదటి నియమం. ఆ కథలను చిన్ననాటి చదువుగా భావించి పెద్దలు ప్రక్కన పెట్టడం న్యాయం కాదు. ఆయన వాక్యం ఎంత పొదుపుగా నడుచునో, ఒక ప్రమాదంలోనుండి ఇంకొక ప్రమాదంలోకి కథను ఎంత సహజంగా దించునో, వయసు వచ్చినతరువాత చదివితేనే తెలియును.

గ్రంథాలు ఎక్కడ దొరుకునని అడిగేవారికి ఒకమాట. ఈ డెల్టా గ్రంథాలయోద్యమానికి పుట్టినిల్లు. విజయవాడలో రామమోహన గ్రంథాలయం 1911లో వెలసినది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రథమమహాసభ ఆ నగరంలోనే జరిగినది. పుస్తకాలకోసం పల్లెవాసులు పట్టణానికి రాలేకపోతే పుస్తకాలే పల్లెకు పోవలెనని సంకల్పించి పాతూరి నాగభూషణంగారు 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు గ్రామాల నడుమ కాలువమీద పడవ గ్రంథాలయాన్ని నడిపించినారు. కాలువగట్టున నిలబడి పడవకోసం ఎదురుచూచిన ఆనాటి రైతుబిడ్డ చేతికి ఏ పుస్తకం అందినదో అని తలచినప్పుడెల్లా నా హృదయం పులకించును. నేటికీ విజయవాడ లెనిన్ సెంటరులోని పాతపుస్తకాల దుకాణాలలో అట్టలూడిన కాశీమజిలీ సంపుటాలూ, దారంతో కుట్టిన చందమామల కట్టలూ ఓపికగా వెదకేవానికి దొరుకుతవి. జనవరి మొదటి దినాలలో ఆ నగరంలో జరిగే పుస్తకప్రదర్శనం నియమం పట్టదలచినవారికి అనుకూలమైన కాలానికే వచ్చును. ముందుగా పన్నెండు అంశాలు కాగితంమీద వ్రాసుకొని పోవలెను. లేనియెడల ఆ రాశులలో మనస్సు నిలువదు.

సినిమాలను లెక్కలో చేర్చుకొనవచ్చునా అన్న ప్రశ్న మా సమావేశాలలో తరచుగా వచ్చును. 1951లో వచ్చిన పాతాళభైరవినీ, 1957లో వచ్చిన మాయాబజారునూ కె.వి. రెడ్డిగారు తీసిన తీరుకు నేను నమస్కరిస్తాను. నేపాళమాంత్రికుడై మనలను భయపెట్టిన ఎస్.వి. రంగారావుగారు ఒకప్పుడు ఈ జిల్లాలోనే ఉన్న నూజివీడులో జన్మించినవారు. అయినా చూచినదానిని చదివినదానికి బదులుగా లెక్కించరాదన్నదే నా నిశ్చయం. చదివినతరువాత చూడవచ్చును, ఆడవచ్చును, పాడవచ్చును. మా అమ్మాయిలు భాగవతంలోని ఉషాకథను పుస్తకంలో చదివి, పిదప యక్షగానంలో చిత్రలేఖ ప్రవేశాన్ని చూచినప్పుడు, భాగవతులు ఎక్కడ కథను పెంచినారో, ఎక్కడ తగ్గించినారో తామే పసిగట్టినారు.

కావ్యభాష కఠినమని వెనుదీసేవారు వచనరూపాలతో మొదలుపెట్టవచ్చును. మనుచరిత్రకూ కళాపూర్ణోదయానికీ వచనానువాదాలున్నవి. వచనంలో కథ తెలిసినతరువాత, అంశానికి సంబంధించిన నాలుగు పద్యాలు మాత్రం మూలంలో చూచుకొన్నా చాలును; పసరు కరగిన ఘట్టం ఒక్కటి మూలంలో చదివినవాడు తక్కిన ఆశ్వాసాలను విడువడు. పిల్లలున్న ఇంట పెద్దవారొకరు బిగ్గరగా చదవడం మేలు. అంశం ఎన్నుకొనే అధికారం మాత్రం పిల్లలకు ఇచ్చివేయవలెను. మొసలి అని ఒక బాలుడు అంశం పెట్టినందువల్ల, గజేంద్రమోక్షంతో ప్రారంభించి పంచతంత్రంలోని కోతిమిత్రునిదాకా, అక్కడనుండి మకరదేవతదాకా పోయిన మాసం మాకు కలదు.

వచ్చే సంవత్సరానికి మా మొదటి అంశం నిర్ణయమైనది: పువ్వు. భామాకలాపం పుట్టిన ఊరిలో పారిజాతంతో ప్రారంభించక తప్పదు గనుక నంది తిమ్మన పారిజాతాపహరణం మొదటి గ్రంథం. రెండవదాన్ని ఎవరికి వారు వెదకికొనవలెను. శ్రోతలలో ఆసక్తి గలవారు తమ తమ ఊళ్ళలో ఇదే అంశంతో సంక్రాంతినాటికి ఆరంభించవచ్చును. పువ్వు మహిమ ఏదో, ఆ మహిమకు మేర ఏదో, చదివిన ప్రతి కథకూ ఒక్కొక్క వాక్యంలో వ్రాసి ఉంచుకొనండి.